ఓడలో వెళ్ళిన పెన్‌డ్రైవ్

పోయిన వారం వీరలక్ష్మిని ఎక్కడ వదిలిపెట్టామో గుర్తుంది కదా! పోర్ట్ బ్లెయిర్‌లో, మేడ మీది కంప్యూటర్ గదిలో, తెర ముందు గుడ్లప్పగించి నిలబడి ఉంది. ముప్పయ్యొక్క కంప్యూటర్ల పట్టికలో ఐదు రోజులుగా ఎర్రగా ఉన్న క్యాంప్‌బెల్ బే వరస, లింకు తిరిగి రాగానే దానంతట అదే పచ్చబడింది. పక్కన 'సక్సెస్' అని పడింది. ఆ కంప్యూటర్‌కి స్క్రిప్టు పంపింది ఆమె కాదు. గదిలో ఇంకెవరూ కీబోర్డు ముట్టుకోలేదు.

పచ్చగా వస్తే సంతోషించాలి గాని భయపడటమేమిటని కొత్తగా చేరిన పాఠకులు అనుకోవచ్చు. వాళ్ళ కోసం నాలుగు ముక్కలు. వీరలక్ష్మి ఆఫీసు పని దీవుల్లోని సైరన్లను చూసుకోవడం. సైరన్ ఉన్న ప్రతిచోటా ఒక కంప్యూటర్ ఉంటుంది. సముద్రం పొంగబోతోందని మెయిన్‌లాండ్ నుంచి కబురు రాగానే, అందులోని చిన్న ప్రోగ్రాం ఆ కబురు అందుకుని స్తంభం మీది సైరన్‌ని మోగిస్తుంది. అదే కంప్యూటర్లలో ఎప్పుడో పాత కాంట్రాక్టరు పెట్టిపోయిన పనికిమాలిన ప్రోగ్రాం ఒకటుంది. మెషీన్ లేవగానే అదీ లేచి, మెషీన్ నెమ్మదిగా నడిచేలా చేసి ప్రాణం తీస్తోంది. మెషీన్ లేచినప్పుడు ఎవరెవరిని లేపాలో విండోస్ తన రిజిస్ట్రీలో ఒక జాబితా రాసి పెట్టుకుంటుంది. ఆ జాబితాలోంచి పాత ప్రోగ్రాం పేరు కొట్టేస్తే చాలు. దీవి దీవికీ ఓడెక్కి వెళ్ళి కొట్టెయ్యాలంటే రెండు నెలలు పడుతుంది. అందుకని పోర్ట్ బ్లెయిర్‌లో కూర్చుని, నెట్‌వర్క్ మీద ఒక్కో మెషీన్ రిజిస్ట్రీ తెరిచి మార్చేలా వీరలక్ష్మి ఒక స్క్రిప్టు రాసింది.

శుక్రవారం రాసిన మొదటి స్క్రిప్టులో తప్పు దొర్లింది. ఆమె పరీక్షించిన మూడు మెషీన్లూ హాజరు పట్టీ మెషీన్లు. వాటి జాబితాలో పాత ప్రోగ్రాం తప్ప ఇంకేమీ లేదు. అందుకని ఒక్కో పేరూ వెతకడమెందుకని మొత్తం జాబితానే తుడిచేసేలా రాసింది. శనివారం ఊళ్ళోనే ఉన్న జంగ్లీఘాట్ మెషీన్ లేచి మూగగా కూర్చుంటే గాని, సైరన్ ప్రోగ్రాంని లేపేదీ ఆ జాబితానే అన్న సంగతి బుర్రకెక్కలేదు. ఆ రోజే రెండో స్క్రిప్టు రాసి, ఒక్క పేరు మాత్రమే పోయేలా దిద్దింది. మొదటిదాన్ని తన కంప్యూటర్‌లోంచి చేతులారా తుడిచేసింది. గండం గడిచిందనుకుంది.

ఇవాళ బుధవారం. మధ్యాహ్నం రెండూ పది. బయట వాన కొడుతోంది.

వీరలక్ష్మి కుర్చీ లాక్కుని కూర్చుని, క్యాంప్‌బెల్ బే నుంచి వచ్చిన లాగ్ ఫైలు తెరిచింది. స్క్రిప్టు తాను చేసిన పనంతా వరసగా రాసి, లింకు ఉన్నప్పుడు పోర్ట్ బ్లెయిర్‌కి పంపుతుంది. అలా పంపమని రాసింది ఆమే. నాలుగే నాలుగు వరసలు.

మొదలు: 11.05. జాబితాలో ఉన్న పేర్లు నాలుగు, తొలగించినవి నాలుగు. రిమోట్ రిజిస్ట్రీ సర్వీసు ఆపబడింది. సక్సెస్.

రెండో వరస దగ్గర ఆమె కళ్ళు ఆగిపోయాయి. నాలుగుకి నాలుగు. రెండో స్క్రిప్టు అయితే ఒకటే పోవాలి. ఇది మొదటిది. తను తుడిచేసిన మొదటిది. తప్పు చదివానేమోనని వేలు పెట్టి మళ్ళీ చదువుకుంది. నాలుగు దగ్గర నాలుగే ఉంది.

సక్సెస్! ఈ మాయదారి మాటకి అర్థం చెప్పిన పని చేసేశానని మాత్రమే. ఆ పని మంచిదో చెడ్డదో దానికి పట్టదు.

లింకు ఉంది గదా, ఇక్కణ్ణుంచే ఆ రిజిస్ట్రీ తెరిచి, పోయిన పేరు మళ్ళీ రాసేస్తే సరి. క్యాంప్‌బెల్ బే మెషీన్‌ని పలకరించింది, పలికింది. బతికే ఉంది! రిజిస్ట్రీ తెరవమంది. నెట్‌వర్క్ దారి దొరకలేదన్న జవాబు వచ్చింది. మళ్ళీ కొట్టింది. అదే జవాబు. ఆగిపోయిన సర్వీసుని దూరం నుంచి లేపబోయింది. అనుమతి లేదంది. అప్పుడు గుర్తొచ్చింది, మూడో వరస. పని అయ్యాక బయటివాళ్ళెవరూ చొరబడకుండా, రిజిస్ట్రీని దూరం నుంచి తెరిచే ఆ తలుపు మూసెయ్యమని, లేపడానికి వీల్లేకుండా గడియ పెట్టమని రాసిందీ ఆమే. భద్రత అని తనే మెచ్చుకుంది కూడా. ఇప్పుడు ఆ గడియ తియ్యాలంటే మనిషి అక్కడ మెషీన్ ముందు కూర్చోవాల్సిందే.

క్యాంప్‌బెల్ బే ఆమెకి పట్టికలో ఒక వరస కాదు. తండ్రి నూకయ్య పటాలం నుంచి వచ్చాక, డెబ్బైల్లో సర్కారు సెటిల్మెంటు భూమి ఇస్తే, విజయనగరం వైపు నుంచి భార్యాబిడ్డల్ని ఓడెక్కించి తీసుకొచ్చి అడవి కొట్టి బతికిన చోటు అది. సునామీ ఆయన్ని ఆ ఒడ్డునే తీసుకుపోయింది. ఐదేళ్ళయింది. చెల్లెలు సీతాలు ఇప్పటికీ అక్కడే ఉంది. జెట్టీకి కూతవేటు దూరంలో చిన్న బడిలో టీచరు. బడిలో నలభై ఇద్దరు పిల్లలు.

భయాన్ని పక్కకి నెట్టి ఆలోచించింది. లాగ్‌లో టైము పదకొండూ ఐదు. లింకు వచ్చింది ఒంటిగంటా యాభైకి. అంటే స్క్రిప్టు నెట్‌వర్క్ మీద వెళ్ళలేదు. అక్కడే, ఆ మెషీన్ ముందు కూర్చుని ఎవరో నడిపారు. తుడిచేసిన స్క్రిప్టు ఐదు వందల కిలోమీటర్ల పైన ఎలా వెళ్ళింది?

దీవుల్లో ఉద్యోగం చేసినవాళ్ళకి ఈ ప్రశ్నకి జవాబు చెప్పక్కర్లేదు. లింకు పోతే ఓడ ఉంది. కాగితాలూ మందులూ జీతాల బిల్లులూ వెళ్ళినట్టే, పెన్‌డ్రైవ్ కూడా ప్లాస్టిక్ కవర్లో చుట్టుకుని ఓడవాళ్ళ చేతిలో వెళుతుంది. అక్కడి ఆపరేటరు అందులోది నడిపి, చేశానని చీటీ రాసి అదే ఓడలో తిప్పి పంపుతాడు. ఆఫీసులో ఇది ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. క్యాంప్‌బెల్ బే ఓడ ఆదివారం సాయంత్రం బయల్దేరింది. ఇవాళ పొద్దున చేరి ఉంటుంది. అక్కడి ఆపరేటరు తాతబ్బాయి చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి.

వీరలక్ష్మి సొరుగు లాగింది. స్టాప్లరు, గుండుసూదులు, సగం తిన్న బిస్కెట్ ప్యాకెట్టు ఉన్నాయి. నీలం పెన్‌డ్రైవ్ లేదు.

"ఏం వెతుకుతున్నావమ్మాయ్?"

గుమ్మంలో గురునాథం, చేతిలో రెండు టీ గ్లాసులతో. సెక్షన్‌కి పెద్ద. బందరు మనిషి. ముప్ఫై ఏళ్ళ కిందట రెండేళ్ళ పోస్టింగని వచ్చి, ఇక్కడే లంబాలైన్‌లో ఇల్లు కట్టుకుని ఉండిపోయాడు. మార్చిలో రిటైరవుతాడు. రేపు మెయిన్‌లాండ్ నుంచి ఇన్‌స్పెక్షన్‌కి పెద్దాఫీసరు వస్తున్నాడని వారం నుంచి ఆయనకి నిద్రలేదు.

"నా నీలం పెన్‌డ్రైవ్ చూశారా సర్?"

"నేనెందుకు చూస్తాను?" అన్నాడు. ఆ అనడంలో తొందర ఉంది. కళ్ళు మాత్రం పట్టిక మీదికి పోయాయి. మొహం విప్పారింది. "అరె, క్యాంప్‌బెల్ బే పచ్చబడిందే! వాహ్! ముప్పయ్యొకటికి ముప్పయ్యొకటి. రేపు ఆయన ముందు తలెత్తుకుని నిలబడొచ్చు."

"ఎవరు నడిపారు సర్ అక్కడ?"

"నువ్వే గదా నడిపేది."

"నేను నడపలేదు. లింకు రాకముందే నడిచింది. ఎవరు పంపారు?"

గురునాథం టీ గ్లాసులు బల్ల మీద పెట్టాడు. కండువాతో మొహం తుడుచుకున్నాడు. వీరలక్ష్మి ఈ ఆఫీసులో చేరింది డేటా ఎంట్రీకి. పట్టుబట్టి పని నేర్పించి, ఆమెని ఈ కుర్చీలో కూర్చోబెట్టింది ఈయనే. ఆయన మీద గొంతెత్తడం ఇదే మొదలు.

"సర్, మిమ్మల్నే అడుగుతున్నాను. ఎవరు పంపారు?"

"నేనే పంపాను. అయితే ఏమయింది? ఆదివారం నువ్వు రాలేదు. లింకు లేదు. ఓడ వెళ్ళిపోతోంది. నీ సొరుగులో పెన్‌డ్రైవ్ ఉంది, దాని మీద నీ చేత్తోనే రాసి ఉంది, క్యాంప్‌బెల్ బే అని. ఓడలో పంపడానికే సిద్ధం చేశావనుకున్నాను. పరుగెత్తుకెళ్ళి ఇచ్చొచ్చాను. ఈ వయసులో జెట్టీ దాకా వానలో!"

వీరలక్ష్మి తెరిచి ఉన్న సొరుగు కేసి చూసింది. ఎవరో శత్రువు ఉన్నాడనుకుంది. వాణ్ణి పట్టుకుని నాలుగు మాటలతో దులిపేద్దామనుకుంది. తీరా చూస్తే దారి తన సొరుగులోకే వచ్చింది. శుక్రవారం సాయంత్రం లింకు పోగానే, అలవాటు ప్రకారం మొదటి స్క్రిప్టుని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, పేరు రాసిన చీటీ అంటించి సొరుగులో పడేసింది. శనివారం కంప్యూటర్‌లో ఉన్నదాన్ని దిద్దింది. ఓడ కోసం ఎదురుచూస్తూ సొరుగులో పడి ఉన్నదాన్ని మరిచిపోయింది.

"అందులో ఉన్నది పాతది సర్," అంది. "జంగ్లీఘాట్ మెషీన్‌ని మూగ చేసింది అదే. క్యాంప్‌బెల్ బే జాబితా మొత్తం తుడిచేసింది. సైరన్ పేరు కూడా."

గురునాథం పట్టికలోని పచ్చ వరస కేసి మళ్ళీ చూశాడు.

"మరి... ఇప్పుడు సైరన్ పనిచెయ్యదా?"

"మెషీన్ ఆర్పకపోతే పనిచేస్తుంది. ఆ జాబితా చూసేది లేచేటప్పుడే. పొద్దున్నుంచి అలాగే నడుస్తూ ఉంటే ప్రోగ్రాం ఇంకా బతికే ఉంటుంది. తాతబ్బాయికి చీటీలో ఏం రాశారు మీరు?"

ఆయన కళ్ళు టీ గ్లాసుల మీదికి పోయాయి.

"సర్! ఏం రాశారు?"

"ఎప్పుడూ రాసేదే," అన్నాడు, పెదవులు కదిలీ కదలకుండా. "స్క్రిప్టు నడిపి, మెషీన్ రీస్టార్ట్ చేసి, చేశానని రాసి పంపవలెను, అని."

వీరలక్ష్మి ఫోన్ అందుకుంది. అక్కడి ఆఫీసు నంబరు మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్ళీ చేసింది. ఎవరూ ఎత్తలేదు. ఎత్తరు. ఇవాళ ఓడ రోజు. పన్నెండు రోజులకొకసారి ఓడ వస్తే క్యాంప్‌బెల్ బేలో ఆఫీసుంటుందా, బడుంటుందా, దుకాణముంటుందా? ఉల్లిపాయల బస్తాలూ ఉత్తరాలూ చుట్టాలూ దిగుతుంటే చూడ్డానికి ఊరు ఊరంతా జెట్టీ మీదే ఉంటుంది. చిన్నప్పుడు తనూ అలాగే నాన్న భుజమెక్కి చూసింది.

ఊరంతా నీళ్ళ పక్కన ఉంది. ఆ ఆలోచన రాగానే మోగుతున్న ఫోన్ పెట్టేసింది.

"అమ్మాయ్," అన్నాడు గురునాథం. ఆయన నిలబడే ఉన్నాడు, బల్ల అంచు పట్టుకుని. "ఆ సైరన్ స్తంభం పాతించింది నేను. సునామీ తరవాత అక్కడ జనం చిన్న చప్పుడైనా కొండెక్కి కూర్చునేవాళ్ళు. వంట లేదు, పడక లేదు. నెలకి పదిసార్లు భూమి ఊగేది మరి. నేనే మీటింగు పెట్టి చెప్పాను. ఊగిన ప్రతిసారీ పరిగెత్తకండయ్యా, సైరన్ మోగితే పరిగెత్తండి, మోగకపోతే నాదీ పూచీ అన్నాను. ఆ రోజు మీ చెల్లెలు కూడా ఉంది. ముందు వరసలో కూర్చుంది."

"తెలుసు సర్," అంది వీరలక్ష్మి. సీతాలు ఆ మాట ఎన్నిసార్లు చెప్పిందో! మీ సర్ పుణ్యమా అని నిద్రపోతున్నానే అక్కా అని.

సెల్‌ఫోన్ తీసి చెల్లెలికి చేసింది. మొదటిసారి కలవలేదు. రెండోసారి కలవలేదు. మూడోసారి, దేవుడు చల్లగా చూశాడు, గలగలమని జనం గోల వినిపించింది.

"అక్కా! ఇప్పుడేటే, డ్యూటీ లేదా? ఇక్కడ పూరా మేళాలా ఉంది. నా పిల్లలందర్నీ తీసుకొచ్చీసాను, కొత్త పుస్తకాలు దిగుతున్నాయి."

"ఒలే సీతాలూ, తాతబ్బాయి కనిపిస్తున్నాడా? తొరగా పిలు. అర్జెంటు."

"ఉన్నాడు, ఇక్కడే. తాతబ్బాయి భయ్యా! ఇటు రా, మా అక్క!"

వీరలక్ష్మి ఫోన్‌ని చెవికి నొక్కిపట్టింది. గురునాథం దగ్గరికొచ్చి ఆమె మొహంలోకి చూస్తున్నాడు.

"దీదీ, నమస్తే! సర్ పంపిన పని అయిపోనాది," అన్నాడు తాతబ్బాయి, మహా హుషారుగా. "పదకొండింటికే సేసీసాను. చీటీ కూడా ఓడవోడికి ఇచ్చీసాను."

"రీస్టార్ట్ చేశావా?"

"సేసీసాను గదా! చీటీలో ఎలాగ రాసుందో అలాగే. మెషీన్ ఇప్పుడు ఏక్‌దమ్ ఫాస్టు దీదీ."

వీరలక్ష్మి కళ్ళు మూసుకుంది. "తెర మూల ఎర్ర డబ్బా ఉంటుంది చూడు, సైరన్ ప్రోగ్రాంది. లేచాక అది వచ్చిందా?"

"లేదు. రాలేదు. నాను చూసాను. కొత్త స్క్రిప్టు గదా, డబ్బా కనిపించకుండా లోపల పెట్టీసుంటారు అనుకున్నాను." అతని గొంతులో హుషారు తగ్గింది. "క్యోం దీదీ? ఏటైనా గడబిడా?"

పదకొండు గంటల నుంచి మూగ. మూడున్నర గంటలు. ఆ మూడున్నర గంటలూ ఊరంతా మూగ సైరన్ కింద తిరిగింది.

"తాతబ్బాయి, జాగ్రత్తగా విను. ఉన్నపళంగా ఆఫీసుకెళ్ళు. మెషీన్ ముందు కూర్చుని నాకు చెయ్యి. సైరన్ ప్రోగ్రాంని చేత్తో ఎలా లేపాలో చెప్తాను. ఎంతసేపు పడుతుంది?"

"స్కూటీ ఉంది. రోడ్డంట సుట్టూ తిరిగి కొండెక్కాలి. బీస్ మినిట్."

"పదిహేనులో వెళ్ళు. చల్, చల్!"

స్కూటీ చప్పుడు దూరమైంది. ఫోన్ మళ్ళీ సీతాలు చేతిలోకి వచ్చింది. గురునాథం కుర్చీలో కూర్చున్నాడు. టీ చల్లారిపోయి పైన మీగడ కట్టింది.

"ఏటయిందక్కా? అతను అలా మొహం మాడ్చుకుని ఎల్లిపోయాడేటి?"

చెప్పాలా? జెట్టీ మీద వెయ్యిమంది. సైరన్ చెడిందని ఒక్కమాట పడితే తొక్కిసలాట. ఇరవై నిమిషాల్లో బాగైపోతుంది. ఇరవై నిమిషాలే. వీరలక్ష్మి మనసులో నిమిషాలు ఎంచుతోంది.

"ఏం లేదే, మెషీన్ పని," అంది. "నువ్వు పిల్లల్ని తీసుకుని పైకెళ్ళిపోకూడదూ? వాన వస్తుందేమో."

"ఇక్కడ ఎండ కాస్తోందే. పుస్తకాలు దిగనీ, అప్పుడే ఎల్తాం."

ఆ మాట పూర్తవుతుండగా బల్ల మీది టీ గ్లాసులు కిణకిణమన్నాయి. వీరలక్ష్మి వాటికేసి చూసింది. పైన ఫ్యాను కడ్డీతో సహా ఊగుతోంది. బీరువా తలుపు దానంతట అదే తెరుచుకుంది. నేల కాళ్ళ కింద పక్కకి జరిగి, వెనక్కి వచ్చి, మళ్ళీ జరిగింది. ఒకటి, రెండు, మూడు... ఎంచుతూనే ఉంది, ఆగలేదు. మామూలుగా వచ్చే ఊపు కాదు. గురునాథం లేచి గుమ్మం చట్రం పట్టుకుని ఏదో మంత్రం గొణుగుతున్నాడు.

నిమిషం దాటాక ఆగింది.

"అక్కా, అక్కడా ఊగిందా?" సీతాలు నవ్వుతోంది. "ఇక్కడ గట్టిగానే ఊగింది. అందరూ ఒకసారి అటూ ఇటూ చూసి మళ్ళీ బస్తాల మీద పడ్డారు. చిన్నది ఒకత్తి ఏడిస్తే ఎత్తుకున్నాను."

"సీతాలూ, పిల్లల్ని తీసుకుని కొండెక్కు. ఇప్పుడే. నా మాట విను."

"ఎందుకే అంత భయం? ఏం కాదు. సైరన్ మోగలేదు గదా!"

దగ్గరికి వచ్చిన గురునాథానికి ఆ మాట వినిపించింది. ఆయన రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

వీరలక్ష్మి అసలు సంగతి చెప్పేద్దామని నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే తెర మీద మెయిన్‌లాండ్ కబురు పడింది. మరుక్షణం నెత్తి మీద, ఆఫీసు కప్పు మీద, సైరన్ లేచింది. వెంటనే జంగ్లీఘాట్‌ది. తరవాత ఇంకొకటి. కిటికీ అద్దాలు వణికేంత మోత. కింద వీధిలో ఆటోలు ఆగిపోయాయి. ఎవరో భాగో, భాగో అని అరుస్తున్నారు.

ఫోన్‌లో మాత్రం జెట్టీ గోల, పిల్లల నవ్వులు, ఎవరో బస్తాలు లెక్కపెడుతున్న గొంతు.

"అదేటక్కా," అంది సీతాలు, "నీ ఎనకాల ఆ మోత?"

"సైరనే! అదే సైరన్! మీది చెడిపోయిందే తల్లీ, నావల్లే చెడిపోయింది! ఫోన్ స్పీకర్ మీద పెట్టు, అందరికీ వినిపించు, పరిగెత్తండి!"

అరిచింది గాని, ఆ మోతలో తన మాట తనకే వినబడలేదు. చెల్లెలికి వినబడిందో లేదో తెలియదు. వీరలక్ష్మి కిటికీ రెక్క తోసి, సెల్‌ఫోన్ పట్టుకున్న చెయ్యి భుజం దాకా వానలోకి చాచి, కప్పు మీది సైరన్ కేసి ఎత్తి పట్టుకుంది. క్యాంప్‌బెల్ బేకి ఈ పూట ఉన్న సైరన్ ఆ చేతిలోదే. అలా పట్టుకున్నంతసేపూ అవతల పరిగెడుతున్నారో, ఇంకా పుస్తకాలే దించుకుంటున్నారో ఆమెకి వినపడే దారి లేదు.